విందు పడవ కింద నీళ్లు ఎవరివి?

(ఆదివాసీ యువజనుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును అలాగే ఉంచి, అక్కడక్కడ మాత్రం సరిచేశాం.)



పొద్దున్నుంచీ చట్టాలు విని విని మీ తలలు వేడెక్కి ఉంటాయి. పెసా అన్నారు, అటవీ హక్కులన్నారు, భూసేకరణ అన్నారు. అందుకని నేను ఒక పడవ గురించి మాట్లాడతాను. భోజనం పెట్టి, పాట వినిపించి, నది మీద తిప్పే పడవ. చివరికి మళ్లీ చట్టం దగ్గరికే వస్తాను, అది వేరే సంగతి.

మొన్న ఒక తమ్ముడు ఫోనులో వీడియో చూపించాడు. రెండంతస్తుల పెద్ద పడవ. కింద ఏసీ హాలు, పైన డెక్కు, చుట్టూ రంగురంగుల లైట్లు. బల్లల మీద తెల్లటి గుడ్డలు పరిచి పళ్లాలు పెట్టారు. ఒక మూల చిన్న స్టేజీ మీద గిటారు పట్టుకుని ఒక కుర్రాడు పాడుతున్నాడు. ఎవరిదో పుట్టినరోజట, కేకు కోస్తున్నారు. పడవ నెమ్మదిగా ఒక వంతెన కింద నుంచి పోతోంది. అహ్మదాబాద్‌లో సబర్మతి మీద సాయంత్రం పూట నడిచే డిన్నర్ క్రూజ్ అది. 2023 జూలైలో మొదలైంది.

తమ్ముడు అడిగాడు: "అన్నా, ఇట్లాంటిది మన గోదావరి మీద కూడా పెడితే మనోళ్లు పదిమందికి పని దొరకదా?"

మంచి ప్రశ్నే. పని కావాలని అడగడంలో తప్పేముంది? కానీ నేను జవాబు చెప్పే ముందు తిరిగి ఒకటి అడిగాను: "ఆ పడవ కింద నీళ్లు ఏ నదివి?"

"సబర్మతివి" అన్నాడు.

ఆ జవాబు ఎందుకు సరిపోదో చెప్పడానికే నేను ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.

సబర్మతి రాజస్థాన్‌లో ఆరావళి కొండల్లో పుట్టి, గుజరాత్ గుండా వచ్చి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. మన గోదావరిలాంటి నది కాదది. వానాకాలంలో పారుతుంది, మిగతా రోజుల్లో ఇసుకే. పైన ధరోయి డ్యాం కట్టాక ఆ వచ్చే కాస్త నీరూ తగ్గింది. గాంధీ ఆశ్రమం దాని ఒడ్డునే ఉంది కాబట్టి పేరు దేశమంతా తెలుసు గానీ, అహ్మదాబాద్ దగ్గర ఏడాదిలో ఎక్కువ కాలం అది ఎండిన నదే. ఆ ఇసుకలోనే ఎండాకాలం పుచ్చకాయలు, కూరగాయలు పండించేవాళ్లు. రంగులద్దిన గుడ్డలు ఉతికి అక్కడే ఆరేసేవాళ్లు. సర్కస్ వస్తే డేరాలు నదిలోనే వేసేవాళ్లు. ఆదివారం ఒడ్డున గుజరీ బజారు, వందల ఏళ్ల నాటి సంత అది. అంటే నీళ్లు లేకపోయినా ఆ నది బీదాబిక్కీకి కూడు పెట్టింది.

1997లో ఆ నది ఒడ్డుల్ని అందంగా తీర్చిదిద్దడానికి ఒక కార్పొరేషన్ పెట్టారు. 2005లో పని మొదలైంది. రెండు పక్కలా దాదాపు పదకొండు కిలోమీటర్ల పొడవున కాంక్రీటు గోడలు లేచాయి. నది వెడల్పును కుదించి, మిగిలిన నేలను రోడ్లకు, తోటలకు, అమ్మకాలకు తీసుకున్నారు. ఒడ్డు మీద గుడిసెల్లో ఉన్న పది వేలకు పైగా కుటుంబాలు లేచిపోవాల్సి వచ్చింది. ఎక్కువమంది రోజుకూలీలు, ముస్లింలు, దళితులు. బస్తీవాళ్లు హైకోర్టుకు వెళ్లి కొట్లాడిన తర్వాతే పునరావాసం మాట కాగితం మీదికెక్కింది. ఇళ్లు వచ్చినవాళ్లలో చాలామందికి ఊరి చివర వచ్చాయి, పనులేమో ఊరి మధ్యలో ఉండిపోయాయి. ఈ కథ మీకు కొత్తది కాదు. మన నిర్వాసితుల కాలనీల్లో కూడా ఇదే కదా గోల! ఇల్లు ఒక చోట, కూడు ఇంకో చోట.

సరే, గోడలు కట్టారు. నీళ్లేవి?

ఊరికి కింది వైపున వాసణా దగ్గర బ్యారేజీ ఉంది, 1970లలో కట్టింది. దాని గేట్లు దించితే పైన నీరు నిలుస్తుంది. కానీ నిలవడానికి ముందు నీరు రావాలి కదా! ఆ నీరు నర్మద నుంచి వస్తుంది. సర్దార్ సరోవర్ డ్యాం నుంచి బయల్దేరిన పెద్ద కాలువ రెండు వందల కిలోమీటర్లు దాటి వచ్చి అహ్మదాబాద్‌కు పైన సబర్మతిని దాటుతుంది. అక్కడ గేట్లు తెరిచి నదిలోకి నీళ్లు వదులుతారు. ఈ శతాబ్దం తొలి ఏళ్ల నుంచి జరుగుతున్నదిదే. అంటే వీడియోలో మనం చూసింది పారే నది కాదు. పైన కాలువతో నింపి, కింద బ్యారేజీతో ఆపిన పొడుగాటి చెరువు. అందుకే పడవ అంత నెమ్మదిగా, కుదుపు లేకుండా పోతుంది. పారే నీళ్ల మీద సరంగుకు ఎంత పని ఉంటుందో మన లాంచీలు ఎక్కినవాళ్లకు తెలుసు.

బ్యారేజీ దాటాక ఆ నది ఎట్లా ఉంటుందో కూడా చెప్పాలి. అక్కడి నుంచి కిందికి పోయేది చాలావరకు ఊరి మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థ జలం. 2021లో గుజరాత్ హైకోర్టు తనంతట తానే ఈ కాలుష్యం మీద కేసు చేపట్టింది. విందు పడవ అటువైపు పోదు. అక్కడ నదిని నమ్ముకున్న రైతుల పల్లెలున్నాయి.

ఇప్పుడు కాలువ వెంబడి వెనక్కి పోదాం, నర్మద దాకా.

సర్దార్ సరోవర్‌కు 1961లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. రాష్ట్రాల మధ్య నీళ్ల పంచాయితీ తెగడానికి ట్రిబ్యునల్ వేస్తే, 1979లో తీర్పు వచ్చింది. డ్యాం ఎత్తు చివరికి 138.68 మీటర్లయింది. ముంపు ఊళ్లు ప్రభుత్వ లెక్కలోనే 245. గుజరాత్‌లో 19, మహారాష్ట్రలో 33, మిగిలినవన్నీ మధ్యప్రదేశ్‌లో. గుజరాత్ ఊళ్లు, మహారాష్ట్ర ఊళ్లు కొండల్లోని ఆదివాసీ ఊళ్లు. తడవీలు, వసావాలు, భిల్లులు, పావ్‌రాలు, భిలాలాలు. నది ఒడ్డున పంట, కొండ మీద అడవి, ఏటిలో చేప. మన కొండరెడ్లు, కోయలు బతికినట్టే బతికిన మనుషులు.

ఆ ట్రిబ్యునల్ తీర్పులో ఒక మాట ఉంది. అది మీరు గుర్తుపెట్టుకోవాలి. మునిగే కుటుంబానికి భూమికి బదులు భూమి ఇవ్వాలి. ఆ భూమి నీళ్లు రావడానికి ఏడాది ముందే చేతికి రావాలి. ఇంటి స్థలం కూడా ఏడాది ముందే చూపించాలి. మేజరైన కొడుకును వేరే కుటుంబంగా లెక్కపెట్టాలి. 1979లో ఈ దేశంలో అట్లాంటి మాట కాగితం మీద రావడం చిన్న విషయం కాదు.

మరి జరిగిందేంటి? నర్మదా బచావో ఆందోళన ఎందుకు పుట్టింది? మణిబేలి వాళ్లు ఇళ్లలోకి నీళ్లొస్తున్నా ఎందుకు కదలమన్నారు? కాగితం మీది భూమి నేల మీద దొరకలేదు కనుక. చూపించిన చోట్ల కొన్ని రాళ్లు, కొన్ని వేరేవాళ్ల సాగులో ఉన్నవి. ప్రపంచ బ్యాంకు వేసిన మోర్స్ కమిటీ 1992లో వచ్చి చూసి, ఈ తీరులో పునరావాసం సాధ్యం కాదని రాసింది. మరుసటి ఏడాది బ్యాంకు అప్పు ఆగిపోయింది. డ్యాం ఆగలేదు. 2000 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు పని కొనసాగించమంది, పునరావాసం చూసుకుంటూ మెట్టుమెట్టుగా ఎత్తు పెంచమంది. 2014లో గేట్లు పెట్టడానికి అనుమతి వచ్చింది, 2017లో గేట్లు మూశారు. 2019లో మొదటిసారి జలాశయం నిండు మట్టానికి నిండింది. ఆ ఏడు మధ్యప్రదేశ్‌లో చిఖల్దా, నిసర్‌పూర్ లాంటి ఊళ్లు నీళ్లలోకి పోయేనాటికి పరిహారం ఇంకా తేలని కుటుంబాలున్నాయి.

ఏడాది ముందు భూమి అన్నారు. నీళ్లే ముందొచ్చాయి.

డ్యాం కట్టినప్పుడు చెప్పిన కారణం ఏంటో తెలుసా? కచ్ఛ్, సౌరాష్ట్ర దాహం. ఎండిన ఊళ్లకు తాగునీరు, పొలాలకు సాగునీరు. ఆ దాహం నిజమే, దాన్ని నేను కాదనను. నీళ్లు ఆ ఊళ్లకు పోయాయి కూడా. కానీ కొండల్లో ఆదివాసీని లేపేటప్పుడు "అక్కడ బిడ్డలకు తాగడానికి నీళ్లు లేవు, నువ్వు త్యాగం చెయ్యాలి" అని చెప్పారు. "అహ్మదాబాద్‌లో నది అందంగా కనబడాలి, దాని మీద పడవలో పనీర్ తినాలి, అందుకు నీ ఊరు కావాలి" అని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏ గ్రామసభ ఒప్పుకునేది? ఏ జడ్జి సంతకం పెట్టేవాడు?

ఇక్కడ నా మాట జాగ్రత్తగా వినండి. ఆ పడవలో భోజనం చేసేవాళ్ల మీద నాకు కోపం లేదు. పెళ్లిరోజని భార్యనూ పిల్లల్నీ తీసుకొచ్చిన గుమాస్తా ఉంటాడు. వాడికేం తెలుసు? వంట చేసేవాడు, ప్లేట్లు కడిగేవాడు, పాట పాడేవాడు రోజు కూలి చేసుకునేవాళ్లే. నది మీద సాయంత్రం గాలి తగలాలని ఎవరికి ఉండదు? గొడవ గాలితో కాదు, లెక్కతో. ఆ పడవలో బిల్లు కట్టినవాళ్లు భోజనానికి కట్టారు, పాటకు కట్టారు, డీజిలుకు కట్టారు. నీళ్ల కింద పోయిన భూమి ఏ బిల్లులోనూ లేదు. ఆ డబ్బు ముందే కట్టేశారు, కట్టినవాళ్లు పడవలో లేరు.

ఇంకో ముక్క చెప్పి మన వైపు వస్తాను. డ్యాం దగ్గర కేవడియా ఉంది. ఇప్పుడు అక్కడ 182 మీటర్ల విగ్రహం, టెంట్ సిటీ, తోటలు, పడవలు. 1961లో ప్రాజెక్టు కాలనీ కోసమని అక్కడి ఆరు ఊళ్ల భూములు తీసుకున్నారు. తడవీ ఆదివాసుల ఊళ్లు. ఆ భూములు మునగలేదు. మునగలేదు కాబట్టి మీరు ముంపు నిర్వాసితులు కాదన్నారు. ట్రిబ్యునల్ చెప్పిన భూమికి భూమి వాళ్లకు వర్తించదన్నారు. సరే, కాలనీకి అవసరం తీరాక మిగిలిన నేల తిరిగి ఇచ్చారా? లేదు. దశాబ్దాల తర్వాత పర్యాటకానికి వాడారు. 2020 అక్టోబర్‌లో అక్కడ ఒక క్రూజు పడవ మొదలైంది. ఆ మరుసటి రోజే సబర్మతి ఒడ్డు నుంచి కేవడియాకు నీళ్ల మీద దిగే విమానం ఎగిరింది. ఆరు నెలలు తిరక్కుండానే ఆగిపోయిందనుకోండి. ఆ విమానం దిగే చెరువులో అంతకు ముందు మొసళ్లుంటే, 2019లో బోన్లు పెట్టి పట్టి వేరే చోటికి తరలించారు. మొసలికి కూడా ముందు చోటు చూసి తర్వాత కదిలించారు. నేను వెక్కిరించడానికి చెప్పడం లేదు. వరుస ఎట్లా ఉండాలో సర్కారుకు తెలుసు అని చెప్తున్నాను.

ఇప్పుడు మన గోదావరికి వద్దాం.

పాపికొండల బోటు మనకు తెలిసిందే. దేవీపట్నం వైపు నుంచీ వస్తాయి, వీఆర్ పురం వైపు నుంచీ వస్తాయి. అదీ విందు పడవే, సాయంత్రం బదులు పగలు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, మధ్యలో డీజే, డాన్సులు, మైకులో జోకులు. పేరంటాలపల్లి దగ్గర ఆపితే మన కొండరెడ్ల ఆడవాళ్లు వెదురుతో చేసిన బుట్టలు, పూలు, బొమ్మలు పెట్టుకుని కూచుంటారు. వందకు చెప్పింది యాభైకి అడుగుతారు. రాత్రి గుడిసెల్లో ఉండేవాళ్లకు మంట వేసి గిరిజన నృత్యం అని ఒక కార్యక్రమం ఉంటుంది.

మన ఆట గురించి ఒక మాట. కొమ్ములు కట్టుకుని డోలు కొట్టేది పెళ్లికి, పండుగకు, వేల్పుల జాతరకు. ఊరు ఉంటే పెళ్లి ఉంటుంది, పొలం ఉంటే విత్తనాల పండుగ ఉంటుంది, అడవి ఉంటే వేట పండుగ ఉంటుంది. ఊరు తీసుకెళ్లి హైవే పక్కన వరసలుగా కట్టిన కాలనీలో పెట్టి, పొలం నీళ్లలో కలిపి, ఆ తర్వాత డోలును మాత్రం స్టేజీ మీదికి పిలిస్తే, ఆడేవాడు దేనికి ఆడుతున్నట్టు? మంత్రి వస్తే కొమ్ములతో స్వాగతం. టూరిస్టు వస్తే కొమ్ములతో ఫోటో. ఆడొద్దని నేను చెప్పను. కళాకారుడికి డబ్బు రావాలి, గౌరవంగా రావాలి. కానీ ఆట చూసిన ఆఫీసరును ఆట అయిపోయాక అడగండి: "అయ్యా, మా ఊరి ప్యాకేజీ ఎంతదాకా వచ్చింది?" అని. డోలు భుజాన ఉండగానే అడగండి.

2019 సెప్టెంబర్ 15 మీకు గుర్తుండాలి. గోదావరి వరద మీద ఉంది. కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. 26 మంది బతికారు. వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఎవరు? ఒడ్డునున్న ఊరి ఆదివాసులు, తమ చిన్న పడవలేసుకుని ఆ సుడుల్లోకి పోయి. వాళ్లకు ఎవరూ లైఫ్ జాకెట్ ఇవ్వలేదు. ఆ నీళ్లు వాళ్లకు తెలుసు, అంతే. అంతకు ముందు ఏడాది, 2018 మేలో, మంటూరు దగ్గర ఇంకో లాంచీ మునిగింది. అది పర్యాటకుల లాంచీ కాదు. సరుకులకూ పనులకూ వెళ్లి ఇంటికొచ్చే మన జనం లాంచీ. గాలివానలో పోయింది. పాపికొండల టూరు బోటు సంగతి దేశమంతా తెలుసు. మంటూరు లాంచీ పేరు ఎంతమందికి గుర్తుంది? మన ఊళ్లకు లాంచీ అంటే విహారం కాదు, అది మన బస్సు, మన అంబులెన్సు, మన రేషన్ బండి.

ఇక పోలవరం. జలాశయం నిండు మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. 2014లో ఈ ప్రాజెక్టు కోసమే ఏడు మండలాల్ని తెలంగాణ నుంచి ఆంధ్రలో కలిపారు. మనల్ని అడిగి కలపలేదు. లేవాల్సిన కుటుంబాలు లక్షకు పైగా. అందులో ఆదివాసుల వాటా చాలా పెద్దది. ఇప్పుడు మొదటి దశ అంటున్నారు, 41.15 మీటర్లంటున్నారు. ఆ గీతకు లోపల ఉన్నవాళ్లకు ముందు, పైన ఉన్నవాళ్లకు తర్వాత అంటున్నారు. 2022 జూలైలో ఏం జరిగింది? భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో జనం కొండల మీద టార్పాలిన్ల కింద రోజుల తరబడి ఉన్నారు. గోదావరికి ఆ 41.15 గీత తెలియదు.

ఈ నీళ్లు రేపు ఎక్కడికి పోతాయి? కుడి కాలువలో కృష్ణకు, ఎడమ కాలువలో విశాఖ వైపు. విశాఖ తాగునీటికీ, పరిశ్రమలకూ అని 23.44 టీఎంసీలు లెక్కలో రాసిపెట్టారు. కుడి కాలువలో 80 టీఎంసీలు కృష్ణకు. 2015 నుంచి పట్టిసీమ లిఫ్టు ఆ కుడి కాలువలోకే గోదావరి నీళ్లు తోడి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతోంది. అది తోడి పోసే నీరు, దానికోసం ఇంకా ఊళ్లు మునగలేదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. కానీ డ్యాం నిండితే అదే కాలువలో జలాశయం నీళ్లు వాటంతటవే పారతాయి. కలిసే చోటుకి కిందనే ప్రకాశం బ్యారేజీ. బ్యారేజీ ముందు నిలిచిన నీటి మీద విజయవాడలో పర్యాటకుల బోట్లు ఇప్పటికే తిరుగుతున్నాయి, భవానీ ద్వీపానికి తీసుకెళ్తున్నాయి.

ఇప్పుడు చూడండి. పైన కాలువ, కింద బ్యారేజీ, మధ్యలో ఊరు, ఊరి ముందు పడవ. సబర్మతి బొమ్మే కదా ఇది! రేపు అక్కడ ఒక విందు పడవ వస్తుంది, స్టేజీ వస్తుంది, లైట్లు వస్తాయి. దాని మీద కూచున్నవాళ్లను ఎవరైనా అడిగితే "ఇవి కృష్ణ నీళ్లు" అంటారు, మన తమ్ముడు "సబర్మతివి" అన్నట్టే. కొండమొదలు పేరు వాళ్లకు తెలియదు. తెలియకుండా పోవడం వాళ్ల తప్పు మాత్రమే కాదు. చెప్పాల్సినవాళ్లం మనం.

మరి నేను నీళ్లివ్వొద్దంటున్నానా? లేదు. డెల్టా రైతు మనలాంటి మనిషే. విశాఖలో కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి మన అక్కే. నేను అడుగుతున్నది వరుస గురించి. ఏది ముందు, ఏది వెనక?

పొద్దున విన్న చట్టాల దగ్గరికి ఇప్పుడొస్తున్నాను. 2013 భూసేకరణ చట్టం, 38వ సెక్షన్. సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని అందులో ఉంది. 1979లో నర్మదా ట్రిబ్యునల్ చెప్పిందీ ఇదే తీరు మాట. నర్మదలో ఆ మాట ఎందుకు ఓడిపోయిందో చూశాం. డ్యాం ఎత్తు మీటరు మీటరుగా పెరిగింది. ప్రతి మీటరుకూ ఒక సర్టిఫికెట్ వచ్చింది, "పునరావాసం పూర్తయింది" అని. ఊళ్లో మనిషి ఉన్నాడు, కాగితంలో లేడు. కాబట్టి ఆ సర్టిఫికెట్ మీద మన కళ్లుండాలి. మీ ఊరి పేరుతో "పూర్తి" అని రాసిన కాగితం ఎక్కడైనా ఉందా? సమాచార హక్కు కింద అడగండి. ఉంటే, గ్రామసభ కూచుని, ఇంటింటి లెక్క రాసి, ఎవరికి ఇల్లు రాలేదో, ఎవరికి భూమికి భూమి రాలేదో, పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరి పేరు జాబితాలో లేదో తీర్మానం చేసి పంపండి. సంతకాలు, వేలిముద్రలు, తేదీ ఉండాలి. ఆ కాపీ మీ దగ్గర ఉంచుకోండి. నర్మదలో ముప్పై ఏళ్లకు పైగా కోర్టుల్లో జనం నిలబడగలిగారంటే అట్లాంటి ఊరి లెక్కలతోనే.

తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉంది. పడవ వస్తే మనకు పని దొరకదా?

దొరుకుతుంది. ఏ పని దొరుకుతుందన్నది మన చేతుల్లో కొంత ఉంది. ఏజెన్సీలో నేల గిరిజనేతరులకు బదిలీ చెయ్యడానికి 1/70 ఒప్పుకోదు. 1997లో సమతా తీర్పు సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని చెప్పింది. 1996 పెసా చట్టం ఊరి వనరుల మీద గ్రామసభ మాటకు విలువ ఇచ్చింది. కాబట్టి మన ఒడ్డున రిసార్టు వెయ్యాలన్నా, గుడిసెలు కట్టాలన్నా మొదటి ప్రశ్న "గ్రామసభ ఏమంది?" అన్నదే. బోట్ల లైసెన్సుల్లో స్థానిక ఆదివాసీ సంఘాలకు వాటా అడగాలి. సరంగు ట్రైనింగ్ మన కుర్రాళ్లకు కావాలి. కచ్చులూరులో జనాన్ని తీసినవాళ్ల పిల్లలకంటే ఆ నీళ్లు తెలిసిన సరంగు ఎవడు? ఆడేవాళ్ల డబ్బు కాంట్రాక్టరు చేతికి కాకుండా ఆడేవాళ్ల సంఘం చేతికే రావాలి. వెదురు బుట్టకు బేరం లేని ధర బోర్డు మీద రాసి ఉండాలి. వీటన్నిటికంటే ముందు, ఒడ్డున ఇంకా ఉన్న ఊళ్లకు లైఫ్ జాకెట్లున్న గట్టి లాంచీ, రోజూ, వేళకు, నడవాలి. పర్యాటకుడి బోటుకు కంట్రోల్ రూములు వచ్చాయి. బాలింతను ఆస్పత్రికి తీసుకెళ్లే లాంచీకి కూడా రావాలి.

ఇవన్నీ అడిగాక, ఊళ్లు సరిగ్గా కుదుటపడ్డాక, పడవ మీద భోజనం పెట్టండి, పాట పెట్టండి. నేను కూడా వస్తాను. కానీ ఆ వరుస తప్పితే, రేపు మన పిల్లలు తమ సొంత ఊరి మీదుగా పోయే పడవలో ప్లేట్లు అందిస్తూ ఉంటారు. కిటికీలోంచి చూపించి "అదిగో, అక్కడ మా తాత పొలం" అని చెప్పడానికి పొలం కనబడదు. నీళ్లే కనబడతాయి, లైట్లు పడి మెరుస్తూ.

చివరిగా మీకొక పని. ఈసారి ఎవరైనా ఫోనులో నది మీద పడవ చూపిస్తే, ఏ ఊరిదైనా సరే, మూడు ప్రశ్నలు అడగండి. ఈ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఈ నీళ్ల కోసం ఎవరు లేచారు? లేచినవాళ్లకు ఇస్తామన్నది ముందిచ్చారా, నీళ్లు ముందొచ్చాయా? మూడో ప్రశ్నకు జవాబు దొరికేదాకా వదలకండి. మన ఏజెన్సీలో ఆ జవాబు ఇంకా రాయలేదు, రాసే అవకాశం మనకు ఇంకా ఉంది. నర్మద వాళ్లకు దొరకని అవకాశం అది.

ముందు పునరావాసం, తర్వాతే నీళ్లు!